నీళ్లు తాగినా దగ్గు రాకపోతే: మింగుడు సమస్యను గుర్తించడం నుంచి తిరిగి తినడం దాకా

నర్సంపేట దగ్గరి ఊరి నుంచి ఒక పెద్దాయన్ని తీసుకొచ్చారు. పక్షవాతం వచ్చి అప్పటికి పన్నెండో రోజు. ఇంటికి వెళ్లాక రోజూ సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడుతోందని హన్మకొండ వచ్చారు. భార్య సంచిలోంచి నీళ్ల సీసా తీసి మూత తిప్పుతూ చెప్పింది: "మొదట్ల నీళ్లు తాపితే దగ్గేటోడు మేడం. నాలుగు రోజుల సంది దగ్గుత లేడు. మంచిగనే తాగుతుండు." ఆమె మొహంలో ఊరట కనిపించింది. ఆయన రెండు గుక్కలు తాగాడు. దగ్గలేదు. "బాపూ, మీ ఊరి పేరు చెప్పండి" అన్నాను. చెప్పాడు. నోటి నిండా నీళ్లు పెట్టుకుని మాట్లాడినట్టు గరగరమంటూ వచ్చింది మాట. నీళ్లు గాలిగొట్టంలోకి పోతూనే ఉన్నాయి. పోతున్నాయన్న కబురే మెదడుకు చేరడం లేదు, అందుకే దగ్గు ఆగింది.

నేను స్పీచ్ థెరపిస్టుని. మాట రానివాళ్లకు మాట నేర్పడమే మా పని అనుకుంటారు చాలామంది. నిజానికి నా రోజులో సగం పక్కవాళ్ల గుటకలు లెక్కపెట్టడంతోనే పోతుంది. మనకు పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారని నెత్తి మీద తడతారు. బాగున్న మనిషికి అది సరదా. పక్షవాతం వచ్చిన మనిషిని రోజుకు పదిసార్లు ఎవరూ తలుచుకోరు. అలా పొలమారుతోందంటే ఆ ఇంట్లో వాళ్లు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వరుసగా చెబుతాను.

ముందు మీ గొంతు మీద వేళ్లు పెట్టి చూడండి

గొంతు ముందు భాగంలో, గడ్డం కింద నాలుగు వేళ్ల దూరంలో గట్టిగా తగిలే బుడిపె ఉంటుంది. మగవాళ్లకు బాగా కనిపిస్తుంది, ఆడవాళ్లకు తడిమితే తెలుస్తుంది. దాని మీద రెండు వేళ్లు ఆనించి ఒక గుటక వేయండి. బుడిపె జర్రున పైకి లేచి, కొంచెం ముందుకు జరిగి, మళ్లీ కిందికి దిగుతుంది. అది సుమారు 2 సెంటీమీటర్ల ప్రయాణం. మింగడమంతా ఆ ప్రయాణం మీదే ఆధారపడి ఉంది.

ఎందుకంటే గొంతులో గాలికీ అన్నానికీ కొంత దూరం దాకా ఒకటే దారి. ఆ దారి కింద రెండుగా చీలుతుంది. ముందు వైపు గాలిగొట్టం, వెనక వైపు అన్నవాహిక. మామూలుగా గాలిగొట్టం తెరిచి ఉంటుంది, అన్నవాహిక తలుపు మూసి ఉంటుంది. మింగే ఒక్క క్షణం ఇది తలకిందులు కావాలి. మెత్తటి అంగిలి లేచి ముక్కు దారి మూస్తుంది. మీ వేళ్లకు తగిలిన ఆ బుడిపె, అంటే స్వరపేటిక, పైకి లేచి నాలుక మొదలు కింద దాక్కుంటుంది. ఎపిగ్లాటిస్ అనే ఆకులాంటి మూత దాని మీదకు వాలుతుంది. లోపల స్వరతంతులు గట్టిగా దగ్గరవుతాయి. ఊపిరి ఆగుతుంది. అదే సమయానికి అన్నవాహిక పై తలుపు వదులై తెరుచుకుంటుంది. గొంతులో జరిగే ఈ పనంతా దాదాపు ఒక్క సెకనులో అయిపోతుంది. మెదడు నుంచి వచ్చే 5, 7, 9, 10, 12 నంబర్ల నరాలు కలిసి చేయించే పని ఇది.

ఇక్కడ ఒక చిన్న మాట. గాలిగొట్టం మూత అనగానే చాలామంది నోరు తెరిచి కొండనాలుక చూపిస్తారు. అది వేరు, ఇది వేరు. కొండనాలుక అంగిలి చివర వేలాడేది, అద్దంలో కనిపిస్తుంది. ఎపిగ్లాటిస్ నాలుక వెనక లోతుగా ఉంటుంది, పెద్దవాళ్లు నోరు తెరిస్తే సాధారణంగా కనిపించదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఊరికే పుట్టలేదు. గొంతు పట్టేసిందని కొండనాలుకకు ఉప్పు, పసరు అద్దించుకుని వచ్చేవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతుంటారు.

గొంతు దాటాక ముద్ద మన చేతిలో లేదు. అన్నవాహిక సుమారు 25 సెంటీమీటర్ల కండర గొట్టం. అది అలలాగా నొక్కుకుంటూ పది సెకన్ల లోపు ముద్దను కడుపు తలుపు దాకా చేరుస్తుంది. గొంతుకు ముందు నోటి పని ఉంది: నమలడం, ఉమ్మితో కలిపి ముద్ద చేయడం, నాలుకతో వెనక్కి నెట్టడం. అంటే చెడేందుకు మూడు చోట్లున్నాయి. నోరు, గొంతు, అన్నవాహిక.

మరి నీళ్లే ఎందుకు కష్టం? అన్నం ముద్దను నాలుక పట్టుకుని నిలపగలదు. నీళ్లు ఆగవు. నాలుక అంచుల నుంచి జారి, గొంతు తలుపులు మూసుకునేలోపే కిందికి చేరిపోతాయి. మూత పావు సెకను ఆలస్యమైనా చాలు. అందుకే "బువ్వ తింటలేడు, కనీసం నీళ్లన్నా తాపుదాం" అనే ఆలోచన పక్షవాతం ఇళ్లలో తరచూ బెడిసికొడుతుంది.

ఎక్కడ ఆగుతోందో అడగండి

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందే ఇంట్లో నాలుగు ప్రశ్నలు వేసుకుంటే సగం దారి తెలుస్తుంది. గట్టిది మింగడం కష్టమా, నీళ్లు కష్టమా, రెండూనా? మింగడం మొదలుపెట్టేటప్పుడే ఇబ్బందా, మింగిన కాసేపటికా? ఉన్నట్టుండి వచ్చిందా, నెలనెలా పెరుగుతోందా? బరువు తగ్గారా?

నీళ్లకు దగ్గు వస్తూ, మింగడం మొదలుపెట్టడమే కష్టమైతే తప్పు ఎక్కువగా గొంతులో, అంటే నరాల్లోనో కండరాల్లోనో ఉంటుంది. పక్షవాతం, పార్కిన్సన్స్, తలకు దెబ్బ, మోటార్ న్యూరాన్ జబ్బు (కండరాలను కదిలించే నరాలు దెబ్బతినేది), మయస్థీనియా (కండరాలు తొందరగా అలసిపోయేది) ఈ వరుసలోవి. పక్షవాతం వచ్చిన మొదటి రోజుల్లో ఇంచుమించు సగం మందికి మింగుడు దెబ్బతింటుంది. చాలామందికి వారాల్లో సర్దుకుంటుంది. ఆ వారాలు ఊపిరితిత్తుల్లో నిమ్ము (న్యుమోనియా) చేరకుండా దాటించడమే అసలు పని.

మొదట జొన్నరొట్టె, తర్వాత అన్నం, ఆ తర్వాత జావ కూడా ఛాతీలో ఆగుతోందంటే అది అన్నవాహిక ఇరుకవుతోందన్న గుర్తు. యాభై దాటినవాళ్లకు, బరువు కూడా తగ్గుతుంటే, గ్యాస్ అనుకుని గోలీలు మింగుతూ కూర్చోవద్దు. క్యాన్సర్ కాదని ఎండోస్కోపీతో తేల్చుకునేదాకా దాన్ని గ్యాస్ అనకూడదు. ఇరుకవడానికి వేరే కారణాలూ ఉన్నాయి. ఏళ్ల తరబడి పుల్లటి తేన్పులతో పుండ్లు పడి మచ్చ కట్టడం ఒకటి. బాత్‌రూమ్ కడిగే యాసిడ్ పొరపాటునో, క్షణికావేశంలోనో తాగినవాళ్లకు మొదట బాగానే ఉండి, కొన్ని వారాల తర్వాత గొట్టం మచ్చకట్టి మూసుకుపోవడం మరొకటి. యాసిడ్ తాగినవాళ్లతో వాంతి చేయించవద్దు. పోతూ కాల్చింది తిరిగి వస్తూ ఇంకోసారి కాలుస్తుంది. రక్తం బాగా తక్కువున్న ఆడవాళ్లలో అన్నవాహిక పైభాగాన పల్చటి పొర అడ్డుపడటమూ ఉంది, ఐరన్ తక్కువైనప్పుడు వచ్చేది.

గట్టిదీ నీళ్లూ రెండూ మొదటి రోజు నుంచే ఛాతీలో ఆగుతూ, రాత్రి పడుకుంటే నోట్లోకి వస్తుంటే అకలేషియా కావచ్చు. అందులో అన్నవాహిక కింది తలుపు వదులవదు. దీనికి మంచి చికిత్సలున్నాయి: బెలూన్‌తో వెడల్పు చేయడం, ఆపరేషన్, ఇప్పుడు ఎండోస్కోపీ లోంచే కండరాన్ని కోయడం కూడా.

నోటి దగ్గర చెడటానికి మన వైపు పెద్ద కారణం వక్క, గుట్కా. వక్క నమిలే అలవాటుతో బుగ్గల లోపలి పొర గట్టిపడి నోరు తెరుచుకోవడం తగ్గిపోతుంది. మీ మూడు వేళ్లు నిలువుగా, పై పళ్లకూ కింది పళ్లకూ మధ్య పట్టాలి. రెండే పడుతున్నాయంటే వక్క ఆ రోజే ఆపి, నోరు చూపించుకోవాలి. అది క్యాన్సర్‌గా మారగల మార్పు. నోటి, గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నవాళ్లకు ఉమ్మి ఎండిపోవడం, కండరాలు బిగుసుకోవడం వల్ల మింగుడు సమస్య వస్తుంది. ఒక్కోసారి ఏళ్ల తర్వాత కూడా. వీళ్లను రేడియేషన్ మొదలుకాక ముందే మా దగ్గరికి పంపితే మేలు. ఎక్కువమంది అంతా అయిపోయాకే వస్తారు.

ఇంట్లో చూడాల్సినవి

దగ్గు ఒక్కటే గుర్తు కాదు. తిన్నాక, తాగాక మాట తడిగా, గరగరగా మారిందా? అడగడానికి పెద్ద ప్రశ్నలక్కర్లేదు, "ఆ..." అని సాగదీయమంటే చాలు, తినే ముందు ఒకసారి, తిన్నాక ఒకసారి. ఒక బుక్కకు మూడు నాలుగు గుటకలు వేస్తున్నారా? గంట దాటినా పళ్లెం సగం కాలేదా? పెదవి ఒక పక్క నుంచి కారుతోందా? బుగ్గలో పాత ముద్ద దాగి ఉందా? పక్షవాతం వచ్చిన వైపు బుగ్గలో పొద్దున పెట్టిన ఇడ్లీ మధ్యాహ్నం దాకా ఉండటం నేను ఎన్నోసార్లు చూశాను. వాళ్లకు అది అక్కడుందని తెలియదు. తిన్నాక ముక్కులోంచి నీళ్లు రావడం, కళ్లు చెమర్చడం, సాయంత్రం జ్వరం, నెలలో రెండోసారి నిమ్ము చేరిందనడం కూడా రాసిపెట్టుకోండి.

కరోనా నుంచి చాలా ఇళ్లలో వేలికి పెట్టే ఆక్సీమీటరు ఉంటోంది. "97 ఉంది కదా మేడం" అంటారు. నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోయినా ఆ అంకె వెంటనే మారకపోవచ్చు. దాన్ని నమ్మి తాపవద్దు.

ఇక చేయకూడని పనులు. మూతి అంటకుండా తల వెనక్కి వాల్చి పైనుంచి పోసుకుని తాగడం మన ఇళ్లలో మర్యాద. మింగుడు చెడిన మనిషికి అదే ముప్పు. తల వెనక్కి వాలితే గాలిగొట్టం దారి తెరుచుకుంటుంది, పైనుంచి పడే ధారను ఆపే వీలుండదు. వీళ్లకు గ్లాసు మూతికి ఆనించే తాపాలి, ఎంగిలి సంగతి తర్వాత చూసుకోవచ్చు. పడుకోబెట్టి తాపవద్దు. మగతగా ఉన్నప్పుడు లేపి పెట్టవద్దు. ముక్కు మూసి మింగించవద్దు. నోట్లో ముద్ద ఉండగా పైనుంచి నీళ్లు పోసి దింపవద్దు.

మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి, మాట తడబడితే చాలా ఇళ్లలో మొదట గ్లాసుడు నీళ్లు తాపుతారు. అది ఆపండి. నోట్లో ఏమీ వేయకుండా, ఎప్పుడు మొదలైందో టైమ్ చూసుకుని 108కి ఫోన్ చేయండి. మెదడు రక్తనాళంలోని రక్తపు గడ్డను కరిగించే ఇంజక్షన్‌కు సాధారణంగా నాలుగున్నర గంటల గడువే ఉంది. ములుగు, భూపాలపల్లి వైపు ఊళ్ల నుంచి వరంగల్ చేరేసరికే అందులో చాలా భాగం కరిగిపోతుంది.

ముద్ద అడ్డం పడి ఊపిరి ఆడక, మాట రాక, గొంతు పట్టుకుంటే: మనిషిని ముందుకు వంచి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో అయిదు గట్టి దెబ్బలు. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు పైన పిడికిలి పెట్టి లోపలికీ పైకీ అయిదుసార్లు గుంజాలి. గర్భిణికైతే పొట్ట మీద కాకుండా ఛాతీ మీద నొక్కాలి. అలా మార్చి మార్చి చేస్తూనే ఉండండి, పక్కవాళ్లతో 108కి ఫోన్ చేయించండి. కనిపించకుండా నోట్లో వేలు పెట్టి వెతికితే అది ఇంకా లోపలికి పోతుంది. దగ్గగలుగుతుంటే మాత్రం దగ్గనివ్వండి, అంతకంటే మంచి మందు లేదు.

ఆస్పత్రిలో ఏ పరీక్ష ఎందుకు

ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది మొదటి గందరగోళం. ఛాతీలో ఆగుతుంటే గ్యాస్ట్రో డాక్టరు. గొంతులో పొలమారుతుంటే, మాట మారితే, నోట్లో పుండు ఉంటే ఈఎన్‌టీ. పక్షవాతం, వణుకు ఉంటే న్యూరాలజీ. వీళ్లలో ఎవరి దగ్గరున్నా "మింగుడు పరీక్షకు స్పీచ్ థెరపిస్టు దగ్గరికి రాయండి సార్" అని అడగడం మీ పని. వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రి, దానికి అనుబంధంగా 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ ఈ చుట్టుపక్కల జిల్లాలకు పెద్ద దిక్కు. థెరపిస్టుకు భారత పునరావాస మండలి రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అడిగితే ఏమనుకుంటారో అన్న మొహమాటం వద్దు. నన్ను అడిగినవాళ్లకు నేనైతే నంబరు చూపిస్తాను. సికింద్రాబాద్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, మా వృత్తిలో చాలామంది అక్కడ చదివినవాళ్లే.

మంచం పక్కన చేసే పరీక్ష మొదటిది. మెలకువ ఉందా, కూర్చోగలరా, ఉమ్మి మింగగలుగుతున్నారా, పిలిస్తే గట్టిగా దగ్గగలరా చూస్తాం. నాలుక, పెదవులు, అంగిలి కదలిక చూస్తాం. తర్వాత చెంచాడు నీళ్లు, మళ్లీ చెంచా, ఫర్వాలేదనిపిస్తే 90 మిల్లీలీటర్లు, అంటే ఇంచుమించు ఒక టీ గ్లాసు, ఆపకుండా తాగమంటాం. దగ్గినా, మాట తడిసినా, మధ్యలో ఆగినా పరీక్ష తప్పినట్టే. ఇంకో పద్ధతిలో నీళ్లకు ముందు చిక్కటి పదార్థంతో మొదలుపెడతారు. ఈ టీ గ్లాసు పరీక్షను ఇంట్లో చేయకండి. తప్పితే లోపలికి పోయిన నీళ్లు తీసేందుకు మీ దగ్గర సామాను లేదు.

దగ్గు లేకుండా లోపలికి పోతున్న అనుమానం ఉంటే చూసి తేల్చుకోవాల్సిందే. దానికి రెండు దార్లున్నాయి. బేరియం కలిపిన నీళ్లు, జావ, బిస్కెట్ మింగిస్తూ ఎక్స్‌రేని వీడియోలా తీయడం ఒకటి. తెల్లటి బేరియం ఎక్కడ ఆగింది, గాలిగొట్టంలోకి ఎప్పుడు జారింది, మింగక ముందా తర్వాతా, అన్నీ కనిపిస్తాయి. రెండోది ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి పైనుంచి చూడటం. దీన్ని 1988లో సుసాన్ లాంగ్‌మోర్, ఆమె సహచరులు ప్రచురించారు. మంచం దగ్గరే చేయొచ్చు, రేడియేషన్ ఉండదు, ఉమ్మి కూడా ఎలా నిలుస్తుందో తెలుస్తుంది. సరిగ్గా మింగే క్షణంలో మాత్రం తెర తెల్లబడి ఏమీ కనిపించదు. నన్నడిగితే, మంచం దిగలేని మనిషికి కెమెరా, కారణం అర్థంకాని కేసుకు బేరియం వీడియో. ఆ పెద్దాయనకు కెమెరా పెట్టించాం. పచ్చ రంగు కలిపిన నీళ్లు స్వరతంతుల మధ్యలోంచి కిందికి జారడం తెర మీద కనిపించింది. ఆయన మాత్రం కదలకుండా కూర్చుని ఉన్నాడు. భార్య తెర వైపు వేలు చూపించి, "అది నీళ్లా?" అని మాత్రం అడిగింది. ఆ తర్వాత నేను చెప్పాల్సింది పెద్దగా మిగల్లేదు.

అంబలి, సిరంజి, పది సెకన్లు

పలచటివి ప్రమాదమని తేలినవాళ్లకు చిక్కబరిచి ఇవ్వమంటాం. ఎంత చిక్కగా? "కొంచెం చిక్కగా" అంటే ఒక్కో ఇంట్లో ఒక్కో అర్థం. చాలా దేశాల్లో ఇప్పుడు 0 నుంచి 7 దాకా మెట్లున్న ఒక కొలత వాడుతున్నారు. నీళ్లు 0. మామూలు భోజనం 7. మధ్యలోవి మీ వంటింట్లోనే కొలవొచ్చు, కావాల్సింది సూది తీసేసిన 10 మిల్లీలీటర్ల సిరంజి. 0 గీత నుంచి 10 గీత దాకా పొడవు 61.5 మిల్లీమీటర్లు ఉన్న సిరంజికే ఈ లెక్క సరిపోతుంది, కొన్నిటికి తేడా ఉంటుంది, స్కేలు పెట్టి చూసుకోండి.

నెట్టే కర్ర తీసేయండి. కింది రంధ్రాన్ని వేలితో మూసి, పైనుంచి 10 గీత దాకా అంబలి పోయండి. ఫోన్లో టైమర్ పెట్టి వేలు తీయండి. పది సెకన్లు కాగానే మళ్లీ మూయండి. లోపల 1 లోపు మిగిలితే అది నీళ్లతో సమానం. 1 నుంచి 4 దాకా మిగిలితే మొదటి మెట్టు, 4 నుంచి 8 అయితే రెండోది. 8 దాటి మిగిలినా చుక్కలు పడుతుంటే మూడోది. ఏమీ కారకపోతే నాలుగోది, చెంచాతో తినాల్సింది. మీ థెరపిస్టు ఏ మెట్టు రాస్తే ఆ మెట్టు.

రాగి అంబలితో రెండు చిక్కులున్నాయి, అవి అనుభవం మీదే తెలిశాయి. పొయ్యి మీద పలచగా ఉన్నది చల్లారేసరికి గడ్డకడుతుంది. కాబట్టి తాపే వేడిలోనే కొలవాలి. రెండోది ఇంకా మాయ. ఎంగిలి చెంచా మళ్లీ గిన్నెలో ముంచితే ఉమ్మిలోని ఎంజైము పిండిని కరిగించి, సగం అయ్యేసరికి అంబలి నీళ్లలా మారుతుంది. మొదటి పది చెంచాలకు బాగున్న మనిషి చివర్లో పొలమారుతున్నాడంటే చాలాసార్లు కారణం ఇదే. కొంచెం కొంచెంగా చిన్న గిన్నెలోకి తీసి పెట్టండి. మందుల షాపులో దొరికే చిక్కబరిచే పొడుల్లో జాంథన్ గమ్ రకం ఉమ్మికి కరగదు, ఖరీదు ఎక్కువ.

చిక్కటి నీళ్లు ఎవరికీ రుచించవు, తాగడం తగ్గిపోతుంది. మే నెలలో నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో ఇది చిన్న విషయం కాదు. మూత్రం రంగు చూస్తూ ఉండండి, రోజుకు ఎన్ని గ్లాసులు పోయాయో గోడ మీద గీతలు పెట్టుకోండి.

ఏం పెట్టాలి, ఏం పక్కన పెట్టాలి

గట్టిదీ పలచటిదీ ఒకే బుక్కలో కలిసినవి మింగడం అన్నిటికంటే కష్టం. చారు బువ్వ, పచ్చి పులుసు పోసిన అన్నం అలాంటివే: నోరు మెతుకులు నములుతుండగా చారు ముందే గొంతులోకి జారుతుంది. "మెత్తగా చారు పోసి పెట్టినం మేడం" అన్నమాట నేను వినని వారం లేదు. చారు కలపాలనుకుంటే మెత్తగా పిసికి, ఊట మిగలకుండా ముద్ద చేయండి. తాటిముంజలు ఇంకా మోసం, జారే గుజ్జు, లోపల నీళ్లు. సేమ్యా పాయసం, పుచ్చకాయ కూడా అంతే. ఐస్‌క్రీమ్ గట్టిగా కనిపించినా నోట్లో నీరవుతుంది.

పొడిగా రాలేవి: సకినాలు, సర్వపిండి, పల్లీలు, పేలాలు, పొడి ఉప్మా. ఇవి వద్దు. అతుక్కునేవి: వేడి తగ్గిన జొన్నరొట్టె, బెల్లం పాకం. ఇవీ వద్దు. పనికొచ్చేవి బాగానే ఉన్నాయి. మెత్తగా ఉడికి పిసికిన పప్పు బువ్వ, గడ్డ పెరుగు కలిపి మెదిపిన అన్నం, నెయ్యి వేసి జారుగా చేసిన జొన్న గటక, మెదిపిన అరటిపండు, పీచు వడగట్టిన మామిడి గుజ్జు. మక్క గటకలో రవ్వ గొంతులో నిలుస్తుంది, దాన్ని తర్వాతకు వాయిదా వేయండి. చిన్న ముక్కలు నమలగలిగే దశకు వస్తే పెద్దవాళ్లకు నలిపిన ముక్క 4 మిల్లీమీటర్లు దాటకూడదు, ఇంకా మెరుగైతే ఒకటిన్నర సెంటీమీటరు దాకా. కారం తగ్గించండి, గొంతు గీరి దగ్గు తెప్పిస్తుంది, అసలు దగ్గేదో తెలియకుండా పోతుంది. కల్లు సంగతి అడుగుతారు కాబట్టి చెబుతున్నా: నీళ్లలా పలచన, పైగా మత్తు. వద్దు.

గోలీలు పిసికిన అరటిపండులో పెట్టి ఇవ్వడం తేలిక. పొడి కొట్టే ముందు మందుల షాపులో కాకుండా రాసిన డాక్టరునే అడగండి. నెమ్మదిగా కరిగేలా చేసిన గోలీని పొడి కొడితే రోజంతటి మోతాదు ఒక్కసారే ఒంట్లోకి దిగుతుంది. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు గోలీ పనిచేసే సమయానికి భోజనం పడేలా చూసుకుంటే మింగడం తేలికవుతుంది.

తినిపించే తీరు

మంచం మీద దిండ్లు ఆనించి కూర్చోబెట్టడం సరిపోదు, పది నిమిషాల్లో జారిపోతారు. కుర్చీ మేలు. నడుము కుర్చీ వెనక్కి ఆని, పాదాలు నేలను తాకాలి, అందకపోతే పీట వేయండి. మీరు నిలబడి పెడితే వాళ్లు తలెత్తుతారు, కాబట్టి ఎదురుగా కూర్చోండి, వీలైతే కొంచెం కిందగా. టీవీ ఆపండి. చిన్న చెంచా, సగం నిండుగా. నాలుక మీద పెట్టి కొంచెం నొక్కి తీయండి. గొంతు బుడిపె లేచి దిగడం చూశాకే రెండో చెంచా. ఈ ఒక్క అలవాటు కోసమే మొదట మీ గొంతు మీద వేళ్లు పెట్టి చూడమన్నాను. మధ్యమధ్య "ఆ..." అనిపించండి. గరగర వస్తే దగ్గమని, మళ్లీ గుటక వేయమని చెప్పండి. తగ్గకపోతే ఆ పూటకు ఆపేయండి. తిన్నాక అరగంట పడుకోబెట్టవద్దు.

గడ్డం ఛాతీ వైపు దించి మింగడం కొందరికి బాగా పనిచేస్తుంది. ఒక వైపు గొంతు పడిపోయినవాళ్లు తలను ఆ పడిపోయిన వైపే తిప్పి మింగితే ఆ దారి మూసుకుని ముద్ద బాగున్న వైపు నుంచి దిగుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది కానీ బేరియం వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. ఏ భంగిమ ఎవరికన్నది పరీక్ష చూసి చెప్పేదే. పక్కింటాయనకు పనిచేసిందని మీ ఇంట్లో మొదలుపెట్టవద్దు.

నోటి శుభ్రత గురించి ఎవరూ అడగరు, నేను మాత్రం ప్రతి ఒక్కరికీ చెబుతాను. నిమ్ముకు కారణం నీళ్ల చుక్క కంటే ఆ చుక్కతో పాటు పోయే నోటి క్రిములు. రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్, తిన్న ప్రతిసారీ బుగ్గ లోపల తడి గుడ్డతో తుడవడం, కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి కడగడం. నోటితో ఏమీ తిననివాళ్లకు ఇది ఇంకా ముఖ్యం.

కసరత్తులు

భంగిమ, చిక్కదనం ఈ రోజు గండం దాటించేవి. కండరాన్ని తిరిగి తెచ్చేది కసరత్తు. గట్టిగా మింగడం తేలికైనది: నోట్లో నిమ్మకాయంత ముద్ద ఉందనుకుని శక్తంతా పెట్టి గుటక వేయాలి. ఇంకోదానిలో బుడిపె పైకి లేచినప్పుడు రెండు మూడు సెకన్లు అక్కడే పట్టి ఉంచాలి. మూడోది పడుకుని చేసేది. దిండు లేకుండా వెల్లకిలా పడుకుని, భుజాలు లేవకుండా తల మాత్రం ఎత్తి కాలివేళ్లు చూడాలి. నిమిషం పట్టి ఉంచడం మూడుసార్లు, మధ్యలో నిమిషం విరామం, తర్వాత ముప్ఫైసార్లు ఎత్తి దించడం. రోజుకు మూడు పూటలు, ఆరు వారాలు. అన్నవాహిక పై తలుపు బాగా తెరుచుకోవడానికి ఇది. మెడ నొప్పి, మెడ ఎముకల అరుగుదల ఉన్నవాళ్లు చేయకూడదు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి. అంత పట్టు లేనివాళ్లకు గడ్డం కింద చుట్టిన తువాలు పెట్టి కూర్చునే నొక్కిస్తాను. పెద్దవాళ్లు దీనికి తొందరగా ఒప్పుకుంటారు.

ముక్కు గొట్టం

నోటితో మింగడం ప్రమాదమైనవాళ్లకు ముక్కులోంచి కడుపులోకి గొట్టం వేసి ఆహారం పోస్తారు. "గొట్టం ఏస్తే ఇగ అంతే గద" అని ఏడ్చేవాళ్లు చాలామంది. ఎక్కువమందికి అది కొన్ని వారాల వంతెన. వేసినప్పుడు ఎక్స్‌రేతో చోటు చూసుకోవాలి. ఇంట్లో ప్రతిసారీ ముక్కు దగ్గర గుర్తు పెట్టిన గీత జరిగిందా అని చూడాలి. జరిగితే, దగ్గు, ఆయాసం మొదలైతే ఏమీ పోయవద్దు, ఆస్పత్రికి రండి. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచి, వడగట్టినది నెమ్మదిగా పోయాలి, తర్వాత నీళ్లతో గొట్టం కడగాలి. గొట్టం ఉన్నా ఉమ్మి లోపలికి పోతూనే ఉండొచ్చు, కాబట్టి నోరు కడగడం మానకూడదు. నాలుగు వారాలు దాటి కూడా అవసరమనిపిస్తే పొట్ట మీద నుంచి నేరుగా పెట్టే గొట్టం గురించి డాక్టరుతో మాట్లాడండి. ముక్కుకు పుండ్లు ఉండవు, మింగే కసరత్తూ తేలిక.

చిన్నపిల్లల సంగతి వేరు. పాలు తాగుతూ నీలిరంగుకు మారడం, ముక్కులోంచి పాలు రావడం, నెలలు గడిచినా బరువు పెరగకపోవడం ఉంటే ఇక్కడ రాసినవేవీ ప్రయత్నించకుండా పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

మళ్లీ పరీక్షకు వచ్చేటప్పుడు ఒక చిన్న నోటుబుక్కు తెండి. ఏ పూట ఏం పెట్టారు, ఎంతసేపు పట్టింది, గరగర వచ్చిందా, సాయంత్రం జ్వరం ఎంత, వారానికోసారి బరువు. నర్సంపేట ఆమె చదువుకోలేదు. మనవరాలితో క్యాలెండర్ మీద రాయించేది: మంచిగుంటే గీత, జ్వరమొస్తే సున్నా. అయిదో వారం వచ్చేసరికి వరుసగా పదకొండు గీతలున్నాయి. అది చూసి ఆ రోజు మళ్లీ కెమెరా పెట్టించి, మొదటి మెట్టు చిక్కదనానికి మార్చాం. నీళ్లు ఇంకా వద్దన్నాం. ఆయన మొహం చిట్లించి, ఈసారి స్పష్టమైన గొంతుతో, "ఇంకెన్ని దినాలు ఈ జావ?" అని అడిగాడు.